కాగితంలో లేని గడి

ఉదయం ఏడింటికే కుర్చీ వేసుకున్నాను
కరాకా వీధిలో, బస్టాపు పక్కన.
దక్షిణపు గాలి సూదుల పొట్లం విప్పుతోంది.
ఒళ్ళో కౌన్సిల్ వాళ్ళిచ్చిన అట్ట, అట్ట మీద గళ్ళ కాగితం,
చేతిలో నొక్కితే టిక్కుమనే లెక్కల డబ్బీ.

పని సులువే.
ఎవరైనా రోడ్డు దాటితే ఒక నొక్కు.
పిల్లలు, పెద్దలు, ముసలివాళ్ళు, చక్రాల కుర్చీలు:
నాలుగే గళ్ళు.
గంటకు నూరు దాటితే
జీబ్రా గీతల సంగతి ఆలోచిస్తారట.

అవతల సోఫాల్ బేకరీ.
కంబోడియా నుంచి వచ్చినాయన,
తెల్లారకముందే మాంసం పైలు పొయ్యిలోంచి తీస్తాడు.
ఇవతల ఇళ్ళు.
మధ్యలో పన్నెండు మీటర్ల తారు.
యాభై దాటొద్దని బోర్డుంది,
బోర్డు మాట ఎవరు విన్నారు గనక.

ఎనిమిదింటికి బడిపిల్లలు,
సగం మందికి కాళ్ళకు బూట్లు లేవు,
పిచికల గుంపు ఒక్కసారి లేచినట్టు
రెండు బండ్ల సందులోంచి తుర్రుమన్నారు.
లెక్క తప్పాను. ఉజ్జాయింపుగా పధ్నాలుగని రాశాను.
ఆ తప్పు ఇప్పటికీ ఆఫీసు ఫైల్లో ఉంది.

ఎనిమిదీ నలభైకి ఆవిడ వచ్చింది.
ఊదారంగు ఉన్ని టోపీ, నడుముకు పువ్వుల లావలావా,
కింద ఎవరో మగమనిషివి రబ్బరు బూట్లు,
చేతిలో నాలుగు మడతల సంచీ.
కుడికి చూసింది, ఎడమకి చూసింది, మళ్ళీ కుడికి.
నా బొటనవేలు సిద్ధంగా ఉంది.
పాల ట్యాంకరు పోయింది.
ఒక కాలు కిందికి దించింది
స్నానానికి నీళ్ళ వేడి చూసినట్టు,
మళ్ళీ పైకి తీసుకుంది.

పదకొండు నిమిషాలు.
ఆ తర్వాత వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

నా వేలు గాల్లోనే ఉండిపోయింది.
కాగితం అటూ ఇటూ తిప్పాను.
వెనక్కి మళ్ళినవాళ్ళకు గడి లేదు.

ఇక అక్కణ్ణించి వాళ్ళే కనబడ్డారు.
బిడ్డను తోపుడుబండిలో పెట్టుకొచ్చిన కుర్రాడు
ఫోన్ తీసి, "నువ్వే ఇటు రా" అన్నాడు ఎవరితోనో.
కళ్ళు లేనాయన కుక్క లేచి, ఆలోచించి, కూర్చుంది.
ఒక పెద్దాయన ఇవతలి అంచున చెయ్యెత్తాడు,
అవతలి కిటికీలో ఇంకో చెయ్యి లేచింది,
అంతే, చుట్టపుచూపు అయిపోయింది.

సాయంత్రానికి దాటినవాళ్ళు గంటకు అరవై మూడు.
దాటనివాళ్ళు అట్ట వెనకవైపు,
పెన్సిల్‌తో కోడి కెలికినట్టు గీతలు, మొత్తం నలభై ఒకటి.

"ఇదేంటి?" అంది ఇంజనీరు నైరీ.
చెప్పాను.
ఏమీ అనలేదు.
రెండువైపులా ఫోటోకాపీ తీయమంది.

రెండేళ్ళు పట్టింది.
అందరికంటే గట్టిగా అడ్డుపడింది సోఫాలే,
కొట్టు ముందు రెండు పార్కింగులు పోతాయని.
మీటింగులో లేచి నిలబడి
వేళ్ళమీద లెక్క చెప్పాడు, రోజుకెన్ని పైలు నష్టమో.
అతని లెక్కా తప్పని నేననలేను.

ఇవాళ మళ్ళీ అదే కుర్చీ.
తారు అక్కడ కాస్త ఉబ్బింది,
తెల్లగీతల రంగు ఇంకా వాసనేస్తోంది.
ఆవిడ వచ్చింది. అవే బూట్లు.

ఒక పికప్పు ఆగింది.
ఆవిడ నమ్మలేదు.
నువ్వు పో అని చెయ్యూపింది.
అతను నువ్వే పో అని ఊపాడు.
వెనక మూడు బండ్లు నిలిచాయి, ఎవరూ హారన్ కొట్టలేదు,
లేదా గాలికి నాకు వినబడలేదు.

దాటింది.
కొట్టులోకి వెళ్ళలేదు. అంచున వెనక్కి తిరిగి
మళ్ళీ ఇటు దాటింది.
మళ్ళీ అటు.
సోఫాల్ పిండి చేతులతో గుమ్మంలోకొచ్చి చూస్తున్నాడు.

రూలు ప్రకారం ఆవిడ ఒక్కతే.
నేను ఐదుసార్లు నొక్కాను.
సంచీ మడత ఇంకా విప్పనేలేదు.